ఆ ఊరి పెద్దల ప్రమాణం

పొలంలో ఓ శవం పడి ఉంది. చంపిందెవరో తెలియదు. సాక్షి లేడు, ఫిర్యాదు చేయడానికి అయినవాళ్లూ లేరు. అలాంటప్పుడు ఏం చేయాలో మోషే ధర్మశాస్త్రం చెప్పిన తీరు చాలా విచిత్రంగా ఉంటుంది (ద్వితీయోపదేశకాండము 21:1-9). పెద్దలు, న్యాయాధిపతులు ఆ పొలానికి వెళ్లాలి. శవం పడి ఉన్న చోటి నుండి చుట్టూ ఉన్న ఊళ్లకు దూరం కొలవాలి. ఏ ఊరు అన్నింటికన్నా దగ్గరో ఆ ఊరి పెద్దలే ఆ రక్తానికి జవాబు చెప్పుకోవాలి. కాడి మోయని ఓ పెయ్యను ఏటి లోయకు తోలుకుపోయి, దాని మెడ విరగదీసి, దాని మీద తమ చేతులు కడుక్కోవాలి. చంపింది తాము కాదని, చంపుతుండగా చూసినవాళ్లమూ కామని దేవుని ఎదుట ప్రమాణం చేయాలి.

ఊరి పెద్దలే హంతకులని ఎవరైనా అన్నారా? ఎవరూ అనలేదు! మరి ఈ ప్రమాణమెందుకు? యూదు మతగురువులు కూడా ఇదే ప్రశ్న వేసుకున్నారు. 'మిష్నా' అనే వారి పురాతన గ్రంథంలో దానికి జవాబుంది. ఆ బాటసారి తమ ఊరికి వచ్చినప్పుడు అన్నం పెట్టకుండా తరిమేయలేదని, తోడు లేకుండా ఒంటరిగా సాగనంపలేదని చెప్పుకోవడమే ఆ ప్రమాణానికి అర్థమట! అంటే హత్య చేయకపోతే సరిపోదు. ఆపగలిగిన పని ఏదైనా తాము మానేశారా అన్నది కూడా ఊరి పెద్దల మీద పడే లెక్కే.

ఈ పాత ధర్మశాస్త్ర విధి నాకు గుర్తుకు వచ్చింది ఓ అమెరికా నగరం చేసిన చట్టం గురించి చదువుతుండగా. కాలిఫోర్నియా రాష్ట్ర రాజధాని సాక్రమెంటో. ఆ మాటకు అర్థం సంస్కారం, ప్రభువు బల్ల సంస్కారం! ఆ ప్రాంతం స్పెయిన్ పాలనలో ఉన్న రోజుల్లో అక్కడి నదికి పెట్టిన పేరది. నది పేరే ఊరికి వచ్చింది. ఆ నగర కౌన్సిల్ 2007లో తుపాకీ తూటాల అమ్మకాల మీద ఓ చట్టం చేసింది. 2008 జనవరి నుండి అది అమల్లోకి వచ్చింది. తూటాలు అమ్మే దుకాణదారుడు కొనేవాడి గుర్తింపు కార్డు చూడాలి. పేరు, పుట్టిన తేదీ, చిరునామా, ఏ రకం తూటాలు ఎన్ని కొన్నాడు అన్నీ రాసుకోవాలి. బొటనవేలి ముద్ర వేయించుకోవాలి. ఐదు రోజుల్లోగా ఆ వివరాలను కంప్యూటరు ద్వారా పోలీసులకు పంపాలి. అంతే! తూటాలు కొనవద్దని ఎవరినీ ఆపలేదు. ఇన్నే కొనాలని హద్దు పెట్టలేదు. లాస్ ఏంజెలెస్ నగరం అంతకు పదేళ్ల ముందే, 1998లో, ఇలాంటి చట్టమే చేసింది. కాకపోతే అక్కడ రిజిస్టరు దుకాణంలోనే ఉండేది. పోలీసులు కావాలంటే వచ్చి చూసుకోవాలి.

ఈ మాత్రానికే అక్కడ ఏళ్ల తరబడి వాదోపవాదాలు నడిచాయంటే మనకు వింతగానే ఉంటుంది. మన దేశంలో లైసెన్సు లేనివాడి చేతిలో ఒక్క తూటా ఉన్నా ఆయుధాల చట్టం కింద కేసే. ఎన్ని తూటాలు కొనవచ్చో లైసెన్సులోనే రాసి ఉంటుంది. కొన్న ప్రతిసారీ దుకాణదారుడు లెక్క రాయాలి. ఎన్నికలొస్తే లైసెన్సు తుపాకులు కూడా పోలీసు స్టేషనులో అప్పగించిరావడం మనం చూస్తూనే ఉంటాం. అమెరికా సంగతి వేరు. అక్కడ తుపాకీ కలిగి ఉండటం రాజ్యాంగం రెండో సవరణ ఇచ్చిన హక్కు. వేట, గురిపందేలు లక్షలాది కుటుంబాల్లో తాతల నాటి నుండి వస్తున్న అలవాటు. అలాంటి చోట బియ్యం కొన్నట్టు తూటాలు కొనే మనిషిని వేలిముద్ర వేయమంటే తనను దొంగను చేశారని అనిపించడం సహజమే.

నిజానికి ఆ దేశమంతటా ఒకప్పుడు తూటాల అమ్మకానికి లెక్క ఉండేది. 1968 ఏప్రిల్‌లో మార్టిన్ లూథర్ కింగ్‌ను మెంఫిస్‌లో కాల్చి చంపారు. జూన్‌లో రాబర్ట్ కెన్నెడీని లాస్ ఏంజెలెస్‌లో కాల్చారు. ఆ ఏడాది అక్టోబరులోనే తుపాకుల నియంత్రణ చట్టం వచ్చింది. తూటాలు అమ్మే వ్యాపారి కొన్నవారి వివరాలు రాసి ఉంచాలన్నది అందులో ఓ నిబంధన. పద్దెనిమిదేళ్లు అది అమల్లో ఉంది. 1986లో మరో చట్టం చేసి ఆ నిబంధనను తీసేశారు. తీసేయడానికి చెప్పిన కారణం కూడా తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. దుకాణాల్లో రిజిస్టర్లు గుట్టలుగా పేరుకుపోయాయి, వాటిని తిరగేసేవాడే లేడు, నేర పరిశోధనకు అవి పెద్దగా అక్కరకు రావడం లేదని ఆ చట్టాన్ని అమలు చేసే శాఖే ఒప్పుకుంది! ఎవరూ చదవని రిజిస్టరు వల్ల ఉపయోగమేముంటుంది? సాక్రమెంటో చట్టంలో వివరాలు నేరుగా పోలీసులకు చేరాలన్న నిబంధన ఎందుకుందో ఇక్కడ అర్థమవుతుంది.

ఆ వివరాలు చదివితే ఏం తెలుస్తుంది? లాస్ ఏంజెలెస్‌లో కొందరు పరిశోధకులు ఆ పని చేసి చూశారు. 2004 ఏప్రిల్, మే నెలల్లో అక్కడి దుకాణాల్లో తూటాలు కొన్నవారి పేర్లను పాత నేరాల రికార్డుతో సరిపోల్చారు. వారి అధ్యయనం 2006లో వెలువడింది. కొన్నవారిలో 2.6 శాతం మంది, అంటే 52 మంది, చట్టప్రకారం ఒక్క తూటా కూడా దగ్గర పెట్టుకోకూడని వాళ్లు. ఘోర నేరాల్లో శిక్షపడినవాళ్లు, మరో కారణంతో నిషేధం ఉన్నవాళ్లు. వాళ్లు ఆ రెండు నెలల్లో కొనుక్కుపోయిన తూటాలు 10,050!

వాళ్లెవరూ చీకట్లో దొంగసరుకు కొనలేదు. పట్టపగలు, దుకాణంలో, తమ సొంత గుర్తింపు కార్డు చూపించి, తమ బొటనవేలి ముద్ర వేసి మరీ కొనుక్కున్నారు. ఆ రిజిస్టరును ఎవరూ చూడరన్న ధైర్యం వాళ్లకుంది. నేరస్తుడికి తూటాలు అమ్మకూడదన్న చట్టం అమెరికాలో ఎప్పటి నుండో ఉంది. కొనేవాడు నేరస్తుడో కాదో చూసే కన్ను మాత్రం లేదు.

ధర్మశాస్త్రంలోని ఆ ప్రమాణం నాకు ఇక్కడే గుచ్చుకుంది. తాము చూడలేదని పెద్దలు ప్రమాణం చేస్తారు. నిజంగా కనబడక చూడనివాడి ప్రమాణం దేవుడు అంగీకరిస్తాడు. కానీ రిజిస్టరు తనే మూసేసి, ఆ తర్వాత 'మేం చూడలేదు' అంటే అది ప్రమాణమా? దుకాణదారుడికి తెలియదు, పోలీసులకు తెలియదు, కౌన్సిలుకు తెలియదు. తెలియకుండా ఉండేలా ఏర్పాటు చేసుకున్నది మాత్రం అందరూ కలిసే.

ఇక ఆ చట్టాన్ని వ్యతిరేకించేవారి మాట. వాళ్లలో చాలామంది ఆదివారం తప్పకుండా చర్చికి వెళ్లే విశ్వాసులే. వాళ్ల చేతిలోనూ బైబిలే ఉంది. వాళ్లు చూపించే భాగాల్లో ఒకటి సమూయేలు మొదటి గ్రంథంలోనిది (13:19-22). ఫిలిష్తీయులు ఇశ్రాయేలు దేశంలో కమ్మరివాడనేవాడే లేకుండా చేశారు. హెబ్రీయులు కత్తులు, ఈటెలు చేసుకోకూడదన్నది వాళ్ల ఎత్తు. నాగటికర్రుకు పదును పెట్టించుకోవాలన్నా శత్రువు దగ్గరికే వెళ్లాలి. యుద్ధం వచ్చిన రోజున సౌలుకు, యోనాతానుకు తప్ప ఇంకెవరి చేతిలోనూ కత్తి లేదు. ఇవాళ లెక్క రాస్తారు, రేపు ఆ లెక్క చూసి ఇంటికొచ్చి లాక్కుంటారు అన్నది వీళ్ల భయం. దీన్ని నేను పిచ్చి భయమని అనను. చరిత్రలో ఏ పాలకుడూ అలా చేయలేదని చెప్పగలమా? పైగా అమెరికాలో నల్లజాతి వారికి పోలీసు జాబితాల్లో తమ పేరు ఎక్కడమంటే ఎంత గుబులో వాళ్ల చరిత్ర తెలిసినవారికి చెప్పనక్కరలేదు.

రెండోది లూకా సువార్తలోనిది (22:36-38). పట్టబడబోయే రాత్రి యేసుప్రభువు కత్తి లేనివాడు పైబట్ట అమ్మి అయినా కత్తి కొనుక్కోవాలన్నాడు కదా అంటారు. నిజమే, అన్నాడు. శిష్యులు రెండు కత్తులు చూపిస్తే చాలన్నాడు. పదకొండు మందికి రెండు కత్తులు ఏ యుద్ధానికి చాలుతాయో మాత్రం వీళ్లు చెప్పరు. కొద్ది గంటల్లోనే ఆ రెండింట్లో ఒకటి ఓ దాసుడి చెవి నరికింది. ప్రభువు ఆ చెవిని బాగుచేసి కత్తిని ఒరలో పెట్టమన్నాడు. ఆ కత్తి ఎవరి చేతిలో ఉందో, ఎవరి మీద పడిందో యోహాను పేర్లతో సహా రాసి పెట్టాడు (యోహాను 18:10). పేతురు మీద కోపంతో రాయలేదు, జరిగింది రాశాడు. తూటాల రిజిస్టరులో రాసేదీ అంతకన్నా ఎక్కువేమీ కాదు.

మూడో వాదన బైబిలుది కాదు, అనుభవానిది. అందుకే అది నాకు బలంగా తోస్తుంది. సాక్రమెంటోలో లెక్క అడిగితే దొంగ పది మైళ్లు కారు నడుపుకుని చట్టం లేని పక్క ఊళ్లో కొనుక్కుంటాడు. లేదంటే తమ్ముడినో స్నేహితురాలినో పంపిస్తాడు. చివరికి రిజిస్టరులో మిగిలేవి బాతుల వేటకు వెళ్లే పెద్దమనుషుల పేర్లేనని వాళ్ల వాదన. నగర చట్టం నగరపు హద్దు దగ్గర ఆగిపోతుందన్నది వాస్తవం. అయినా అందరు దొంగలూ అంత తెలివైనవాళ్లు కాదని సాక్రమెంటోలో తేలింది. కొన్నవారి జాబితాలో నిషేధం ఉన్నవారి పేర్లు దొరికాయి. పోలీసులు కోర్టు అనుమతితో ఆ ఇళ్లు సోదా చేస్తే తుపాకులు కూడా దొరికాయి.

నగరాల నుండి రాష్ట్రానికి వచ్చేసరికి కథ ఇంకా చిక్కుపడింది. 2009లో కాలిఫోర్నియా రాష్ట్రమంతటికీ ఇలాంటి చట్టం చేశారు. పిస్తోలు తూటా ఏది, రైఫిల్ తూటా ఏది అన్నది అందులో స్పష్టంగా లేదని 2011లో ఫ్రెస్నో కోర్టు దాన్ని అమలు కాకముందే కొట్టేసింది. 2016 నవంబరులో ప్రజలే ఓటు వేశారు. 63 శాతం మంది ఆమోదించారు. 2019 జులై నుండి లెక్క రాయడమే కాదు, తూటాలు అమ్మడానికి ముందే కొనేవాడి పూర్వాపరాలు సరిచూడటం మొదలైంది. తొలి నెలల్లో ఏం జరిగిందో తెలుసా? కొనబోయినవారిలో దాదాపు 16 శాతం మందికి 'లేదు' అని జవాబు వచ్చింది. వాళ్లలో చాలా చాలా మంది నేరస్తులు కారు! ఇల్లు మారినప్పుడు చిరునామా మార్చుకోలేదు, పాత రికార్డులో పేరు ఒకలా, లైసెన్సులో మరోలా ఉంది... ఇంతే. ఆధార్ కార్డులో ఒక అక్షరం తేడాతో పింఛను ఆగిపోయిన అవ్వను చూసినవాళ్లం గనుక ఈ బాధ మనకు బాగానే తెలుసు. 2024 జనవరి ఆఖరున ఓ ఫెడరల్ జడ్జి ఈ తనిఖీ రాజ్యాంగానికి విరుద్ధమన్నాడు. 2025 జులైలో అప్పీలు కోర్టులో ముగ్గురు న్యాయమూర్తుల్లో ఇద్దరు ఆయనతో ఏకీభవించారు.

చట్టం సరిగా రాయకపోతే నిర్దోషికి ముల్లు గుచ్చుకుంటుంది. ఇది ఒప్పుకోవాల్సిందే. అయితే లెక్క రాయడం వేరు, గుమ్మం దగ్గర ఆపేయడం వేరు. సాక్రమెంటో నగరం మొదట చేసింది లెక్క రాయడమే. అందులో నిజాయితీపరుడికి కలిగే కష్టం నాలుగైదు నిమిషాలు, బొటనవేలికి కాస్త సిరా. అదే ధర్మశాస్త్రంలో మరో విధి ఉంది (ద్వితీయోపదేశకాండము 22:8). కొత్త ఇల్లు కట్టుకున్నవాడు డాబా చుట్టూ పిట్టగోడ కట్టాలి. లేదంటే పైనుండి ఎవరైనా పడి చస్తే ఆ రక్తం ఇంటివాడి మీదే! ఇంటివాడు ఎవరినీ తోయబోవడం లేదు కదా, అతనికెందుకీ ఖర్చని దేవుడు అనలేదు. గోడ కట్టినంత మాత్రాన అతన్ని హంతకుడని అనుమానించినట్టూ కాదు. వేటకు వెళ్లే పెద్దమనిషి వేసే వేలిముద్ర నాకు ఆ పిట్టగోడలో ఒక ఇటుకలాగే కనిపిస్తుంది.

ఇంతా చేస్తే ప్రాణాలు నిలుస్తాయా? ఇక్కడ అబద్ధం చెప్పి లాభం లేదు. 2022 ఫిబ్రవరి 28న సాక్రమెంటో శివారులోని ఒక చర్చిలో ఓ తండ్రి తన ముగ్గురు కూతుళ్లను కాల్చి చంపాడు. 9, 10, 13 ఏళ్ల పిల్లలు. భార్య అతన్నుంచి కోర్టు రక్షణ పొందింది. పిల్లల్ని చూడాలంటే మరొకరు దగ్గరుండాలన్నది షరతు. అలా తోడుగా ఉండి మేలు చేయబోయిన మనిషినీ చంపి, తానూ కాల్చుకున్నాడు. కోర్టు ఉత్తర్వు ప్రకారం అతని దగ్గర తుపాకీ గానీ తూటా గానీ ఉండకూడదు. అతని చేతిలో ఉన్నది నంబరు లేని, విడిభాగాలతో ఇంట్లో బిగించుకునే రకం తుపాకీ. రాష్ట్రమంతటా తూటాల తనిఖీ అమల్లో ఉన్న రోజులే అవి. దాదాపు అయిదు వారాల తర్వాత, ఏప్రిల్ 3 తెల్లవారుజామున, అదే నగరం నడిబొడ్డున వీధిలో కాల్పులు జరిగాయి. ఆరుగురు చనిపోయారు. వందకు పైగా ఖాళీ తూటాలు దొరికాయి.

చూశారా, చట్టం ఏం చేసింది అని కొందరు అడిగారు. అడగాల్సిన ప్రశ్నే. పిట్టగోడ ఉన్న డాబా మీది నుండి కూడా మనుషులు పడుతూనే ఉంటారు. గోడ కూల్చేద్దామని మాత్రం ఆ ఇంట్లో ఎవరూ అనరు. కూతుళ్లను పోగొట్టుకున్న ఆ తల్లి ముందు నిలబడి కొలతాడు పట్టుకుంటే ఎంత దూరం కొలవాలో నాకైతే తెలియడం లేదు. నగరపు హద్దు దాకానా? రాష్ట్రపు హద్దు దాకానా?

ఆ తాడు ఒక్కోసారి మన ఊళ్ల దాకా కూడా సాగుతోంది. 2017 ఫిబ్రవరిలో కాన్సాస్ రాష్ట్రంలోని ఒలేతాలో ఓ తెలుగు ఇంజినీరును కాల్చి చంపారు. 2018 జులైలో కాన్సాస్ సిటీలోని రెస్టారెంటులో ఓ తెలుగు విద్యార్థి బలయ్యాడు. 2023 మేలో టెక్సాస్‌లోని ఆలెన్ మాల్‌లో చనిపోయిన ఎనిమిది మందిలో తెలంగాణ అమ్మాయి ఒకరు. మన చర్చిల్లో బుధవారం ఉపవాస ప్రార్థనకు వచ్చే తల్లుల్లో అమెరికాలో ఉన్న కొడుకు పేరో కూతురి పేరో చీటీలో రాసి ఇచ్చేవాళ్లు ఎంతమందో! సాక్రమెంటో కౌన్సిల్‌లో జరిగిన వాదన వాళ్లకు పరాయి ఊరి గొడవ కాదు.

ఆ మాటకొస్తే మనకూ ఇలాంటి రిజిస్టరు ఒకటుంది. 2008 డిసెంబరులో వరంగల్‌లో ఇద్దరు ఇంజినీరింగ్ విద్యార్థినుల మీద యాసిడ్ దాడి జరిగింది. ఒక అమ్మాయి చనిపోయింది. ఆ తర్వాత జరిగిన ఎన్‌కౌంటర్ గురించి మాట్లాడుకున్నంతగా యాసిడ్ అంత తేలిగ్గా చేతికెలా వస్తోందో మనం మాట్లాడుకోలేదు. 2013 జులైలో సుప్రీంకోర్టు ఆ సంగతి పట్టించుకుంది. ఢిల్లీలో యాసిడ్ దాడికి గురైన లక్ష్మి వేసిన కేసులో తీర్పు చెబుతూ, యాసిడ్ అమ్మేవాడు రిజిస్టరు పెట్టాలని, కొనేవాడి పేరు, చిరునామా, ఎంత కొన్నాడో రాయాలని ఆదేశించింది. ఫొటో ఉన్న గుర్తింపు కార్డు చూడాలి, ఎందుకు కొంటున్నాడో అడగాలి, 18 ఏళ్లు నిండనివారికి అమ్మకూడదు. ఇది నా స్వేచ్ఛకు భంగమని మనలో ఎవరూ కోర్టుకెక్కలేదు. ఆ అవసరమే రాలేదు!

ఈమధ్య నేను బాత్‌రూము కడగడానికి యాసిడ్ సీసా కొనడానికి మా వీధిలోని కిరాణా దుకాణానికి వెళ్లాను. పేరు రాసుకోరా అని అడిగాను. "ఏం పేరండీ, పాస్టరుగారూ?" అన్నాడు దుకాణం అబ్బాయి. రిజిస్టరు సంగతి చెబితే నవ్వేశాడు. "మీరేమైనా ఎవరి మీదన్నా పోస్తారా ఏంటండీ!" అన్నాడు. నేనూ నవ్వేశాను. డబ్బులిచ్చి, సీసా సంచిలో వేసుకుని వచ్చేశాను. ఆ దుకాణానికీ మా చర్చి గేటుకూ మధ్య ఉన్నవి నాలుగే ఇళ్లు.